ఎనిమిది అంగుళాల ఎడం

సుత్తి పిడి దవడ మీద పడేసరికి టోర్మోడ్ నోట్లోంచి రక్తంతో పాటు ఒక పన్ను కూడా రంపపు పొట్టులో రాలింది.

"గుంజకీ గుంజకీ మధ్య ఎనిమిది అంగుళాలా? నా కలప ఎవడబ్బ సొమ్మనుకున్నావ్ బావా?" అన్నాడు అస్లాక్. సుత్తి ఇంకా చేతిలో తిరగేసే ఉంది.

టోర్మోడ్ అస్లాక్ భార్యకి అన్న. ఆ దీవిలో సగం ఇళ్ళకు చెక్కగోడలు నిలబెట్టిన వడ్రంగి. అలాస్కా తీరంలో ఆగకుండా పడే వానకీ, చలికాలపు మంచు బరువుకీ పదహారు అంగుళాలకో గుంజ చాలని అతనికి తెలియక కాదు. కట్టెల కొట్టమైతే ఇరవై నాలుగుకి పెట్టినా అడిగేవాడుండడు. కానీ ఈ పొగకొట్టం కట్టమన్నది చెల్లెలు సిగ్నె. సాల్మన్ చేపలు వేలాడదీసి పొగబెట్టే గది అది. గోడల్లో గుంజలూ, పైకప్పు వాసాలూ అన్నీ ఎనిమిదేసి అంగుళాలకే ఉండాలని పట్టుబట్టింది. కిందటేడు ఎలుగుబంటి పాత కొట్టం పలకలు పీకేసి, గుంజల సందున దూరి, చలికాలానికి దాచుకున్న చేపలన్నీ తినిపోయింది. పలకలు ఊడినా దూరే సందు ఉండకూడదంది సిగ్నె.

ఆ మాటే అస్లాక్‌కి చెప్పాడు టోర్మోడ్, పెదవి తుడుచుకుంటూ. అస్లాక్ నవ్వాడు. ఇంట్లో తనుండగా ఎలుగు దేనికొస్తుందని అడిగాడు. పోతూ పోతూ గుమ్మంలో నిలబడ్డ సిగ్నెని జుట్టు పట్టుకుని లోపలికి ఈడ్చి, తలుపు కాలితో తన్ని మూశాడు. లోపల గిన్నెలు దొర్లిన చప్పుడు, ఆ తర్వాత ఇంకేదో మెత్తగా గోడకి తగిలిన చప్పుడు వినబడ్డాయి. టోర్మోడ్ రెండడుగులు వేసి ఆగిపోయాడు. వసంతంలో ఒకసారి ఇలాగే అతను అడ్డుపడ్డాడు. ఆ కసి తీర్చుకోవడానికి అస్లాక్ ఆమె మోచెయ్యి విరిచాడు.

మర్నాడు అస్లాక్ వారం రోజుల వేటకి పడవెక్కాడు. టోర్మోడ్ మళ్ళీ పని అందుకున్నాడు. ఒక కన్ను వాచి మూసుకుపోయిన సిగ్నె, కొలబద్ద పట్టుకుని ప్రతి సందూ తనే కొలిచింది. ఒకచోట మోకాళ్ళ మీద కూర్చుని సందులో భుజం దూర్చి చూసింది. పట్టలేదు. తల ఊపి పక్క సందుకి జరిగింది.

టోర్మోడ్ మేకులు కింద పెట్టేశాడు.

"ఇది ఎలుగు కోసం కాదు కదమ్మా?"

ఆమె కొలబద్ద గుంజకి ఆనించి పెట్టింది.

"ఈసారి వచ్చాక చంపేస్తానని చెప్పి వెళ్ళాడన్నయ్యా. తాగి చెప్పలేదు. కాఫీ తాగుతూ చెప్పాడు."

"నా ఇంటికొచ్చెయ్."

"నీ ఇంటి తలుపు ఎన్ని తన్నులకి ఆగుతుంది?"

టోర్మోడ్ మళ్ళీ సుత్తి అందుకున్నాడు. ఒక్కో గుంజకీ పడాల్సిన మేకులకు రెట్టింపు దిగ్గొట్టాడు. దేవదారు పలకల్ని ఒకదాని మీదొకటి ఎక్కించి, వెలుతురు కూడా దూరకుండా కప్పాడు. తలుపు మూడంగుళాల మందాన చేశాడు. గడియ మాత్రం తనే బిగించుకుంటానంది సిగ్నె.

శనివారం మధ్యాహ్నం పక్కింటి బోర్గిల్ వానలో తడుస్తూ టోర్మోడ్ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. అస్లాక్ పడవ చేరిందట. రేవులోంచి చేపల్ని మోదే దుడ్డుకర్ర పట్టుకునే ఇంటికొచ్చాడట. సిగ్నె తల పగిలి, రక్తం కారుతూ పెరట్లోకి పరిగెత్తిందట. అతను వెనకాలే పడ్డాడట. ఇద్దరూ పొగకొట్టం మలుపు తిరిగాక బోర్గిల్‌కి కనబడలేదు, దబ్బున తలుపు మూసుకున్న చప్పుడు మాత్రం వినబడింది.

చెల్లెలు లోపల తలుపు మూసుకుందంటే బతికిందని టోర్మోడ్ ఊపిరి పీల్చుకున్నాడు. తుపాకీ అందుకుని చెట్లలోంచి అడ్డదారిన పడ్డాడు.

కొట్టం వెనకవైపుకి చేరేసరికి దబ్ దబ్ మని దెబ్బలు వినిపిస్తున్నాయి. చూరు కింద నుంచి పసుపు పచ్చని పొగ పొర్లుతోంది. చేపలకి పెట్టే పలచటి పొగ కాదది. పొయ్యి ముందువైపు, ఆరుబయట ఉంటుంది. అక్కణ్ణుంచి గొట్టం గుండా పొగ లోపలికి పోతుంది. టోర్మోడ్‌కి అర్థమైంది. తలుపు పగలక, కలుగులో ఎలుకకి పెట్టినట్టు పొగ పెడుతున్నాడు అస్లాక్.

అతని కళ్ళ ముందే ఒక పలక లోపలి నుంచి తన్నిన తన్నుకి విరిగి బయటపడింది. దాని పక్కది కూడా ఊడింది. వాటి వెనక గుంజలు పక్కటెముకల్లా కదలకుండా నిలబడ్డాయి. ఆ పొగలో దగ్గు తప్ప మాట లేదు.

"సిగ్నె, నేనమ్మా, అన్నయ్యని. కింద పడుకో."

గుంజని రెండు చేతులా పట్టి లాగాడు. గోళ్ళు చీలి రక్తమొచ్చింది గానీ అది వెంట్రుకవాసి కదల్లేదు. తన మేకులు అవి, రెట్టింపు కొట్టినవి. చెల్లెల్ని కాపాడతాయని దగ్గరగా నిలిపిన గుంజలే ఆమెని బయటికి రానివ్వడం లేదు. లోపల దగ్గు సన్నబడింది.

ఇక మిగిలింది ఒక్కటే పని. పొయ్యి దగ్గర ఉన్నవాణ్ణి కాల్చెయ్యాలి. టోర్మోడ్ తుపాకీ భుజానికెత్తి, వేలు మీట మీద బిగించి గోడ మలుపు తిరిగాడు.

బయటి నుంచి గడియ పడిన తలుపు పక్కన, పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, సిగ్నె పచ్చికట్టెలు ఎగదోస్తోంది.