ఇరవై మార్కుల ప్రశ్న

"అవును" నొక్కాలా, "కాదు" నొక్కాలా? ట్యాబ్ మీద తేజస్విని వేలు ఆగిపోయింది.

హసన్‌పర్తి దాటి లోపలికి వెళ్తే వచ్చే ఊరది. ఎర్రగా పండిన మిర్చి చేను. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో సూపర్‌వైజర్ శాంసన్ కూర్చుని ఫోన్ మాట్లాడుతున్నాడు. చేను యజమానురాలు మొగిలమ్మ ఇంకో కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచింది.

"కూసోండ్రి మేడం."

తేజస్విని కూర్చోలేదు. పక్క చేనులో మిర్చి ఏరుతున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. మొగిలమ్మ "మేడం" అన్నప్పుడల్లా తేజస్విని చెవులు వేడెక్కుతున్నాయి.

హనుమకొండలో ఒక ఎగుమతి కంపెనీలో ఆమె ఉద్యోగం. చేలకు పోయి రైతులను ప్రశ్నలడగాలి, జవాబులకు మార్కులు లెక్క కట్టాలి. అన్ని ప్రశ్నలకూ ఒకే విలువ ఉండదు. గట్లు శుభ్రంగా ఉన్నాయా అంటే రెండు మార్కులు. పంట టార్పాలిన్ మీద ఆరబెడతారా అంటే పది. పురుగుమందు కొట్టేటప్పుడు చేతులకు గ్లౌజులు వేసుకుంటారా అంటే ఇరవై. మొత్తం డెబ్బై అయిదు దాటితే కంపెనీయే చేను దగ్గరికి లారీ పంపి మిర్చి కొంటుంది. దాటనివాళ్ళు ఎప్పటిలాగే బస్తాలు ఎత్తుకుని మార్కెట్‌కు పోవాలి.

పోయినేడు మొగిలమ్మ అలాగే పోయింది. దారిలో వాన పట్టుకుంది. సగం మిర్చి తడిసి నల్లబడింది. భర్త లేని మనిషి. ఈసారి లిస్టులో పేరుంటే చాలని ఊళ్ళో అందరికన్నా ఎక్కువ ఆశ పెట్టుకుంది.

"మందు కొట్టేటప్పుడు గ్లౌజులు వేసుకుంటారా?" తల ఎత్తకుండానే అడిగింది తేజస్విని.

"ఏసుకుంట మేడం. గివే, సూడుండ్రి." మొగిలమ్మ కొంగుచాటు నుంచి నీలం రంగు గ్లౌజులు తీసి చూపించింది.

అబద్ధం. అది తేజస్వినికి తెలుసు. మందు కొట్టి వచ్చిన రోజు మొగిలమ్మ అరచేతులు భగభగ మండుతాయనీ, బకెట్ నీళ్ళలో చేతులు ముంచుకుని కూర్చుంటుందనీ కూడా తెలుసు.

పొద్దుటి నుంచి తిరిగిన చేలన్నిట్లోనూ రైతులు ఇలాగే గ్లౌజులు చూపించారు. చూపించిన ప్రతివాళ్ళకూ "అవును" నొక్కుతూ వచ్చింది. వాళ్ళు నిజంగా వేసుకుంటారో లేదో తెలియదు. తెలుసుకోవాలని ప్రయత్నించనూ లేదు.

జీపులో శాంసన్ అన్న మాట గుర్తొచ్చింది. "తెలిసినోళ్ళని మార్కులేసేవు, జర జాగ్రత్త. పోయినేడు ఒకాయన నౌకరీ గట్లనే ఊడింది."

తేజస్విని "కాదు" నొక్కింది.

ఆఫీసుకు వచ్చి లెక్క మొదలుపెట్టింది. ఒక్కో జవాబునూ దాని విలువతో గుణించి, అన్నీ కూడితే మొగిలమ్మకు అరవై ఆరు వచ్చాయి. ఆ ఒక్క గడిలో సున్నా తీసేస్తే ఎనభై ఆరు. వేరే ఊరివి, అంతకుముందెన్నడూ ముఖం చూడనివాళ్ళవి చేస్తున్నప్పుడు అవి ఉత్త అంకెలు. ఇప్పుడు మాత్రం అదే కూడికను మూడుసార్లు చేసి చూసింది.

"అయిందా? పంపుతున్నా మరి." శాంసన్ వెనక నుంచి తొంగి చూశాడు.

"అయింది సార్."

"కుర్చీ తుడిచింది చూడు, ఆమెది పోయిందా? పాపం, మంచి మనిషి లెక్కనే ఉండె."

"పోయింది సార్."

ఆ సాయంత్రం మొగిలమ్మ ముఖం చూడక తప్పదు. ఫోన్‌లో చెప్పేసి తప్పించుకునే మాట కాదది. హసన్‌పర్తిలో బస్సు దిగి, ఊరికి పోయే ఆటోలు రెండు వదిలేసింది తేజస్విని. మూడోది ఎక్కింది.

మొగిలమ్మ వాకిట్లో కూర్చుని మిర్చికి తొడిమెలు తీస్తోంది.

"పేరచ్చిందా?"

"రాలె."

మొగిలమ్మ చేతులు ఆగాయి. "రాజేశ్వర్ రావుది?"

"అచ్చింది."

"మరి పక్క చేను బక్కమ్మది?"

"అచ్చింది."

"నేను సూపిచ్చిన గ్లౌజులు బక్కమ్మయే గద బిడ్డా! గా గ్లౌజులకు ఆమెకు మార్కులచ్చి, నాకెట్ల రాలె?"

తేజస్విని గోడకు ఆనుకుని నిలబడిపోయింది. "నేనే కాదని నొక్కిన. బక్కమ్మ సంగతి నాకు తెల్వది. నీది తెలుసు. తెలిసి అవునని నొక్కలేకపోయిన." చెప్పకుండా దాచుకుందామనుకున్నది కూడా చెప్పేసింది. "నౌకరీ పోతదని భయమైంది."

మొగిలమ్మ ఒళ్ళోని తొడిమెలు దులిపి, మోకాళ్ళ మీద చేతులు పెట్టి లేచింది. ఎర్రబారిన అరచేతులు చీరకు తుడుచుకుంది. ఒక్క మాట తిట్టినా బాగుండుననిపించింది తేజస్వినికి. ఊరంతా వినేలా తిట్టినా సరే, నిలబడి మాటలన్నీ పడేది.

మొగిలమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ముందు పెట్టింది.

"కాళ్ళు మొఖం కడుక్కో. పొద్దటి సంది ఏమన్న తిన్నవో లేదో. దా, అన్నం తిందువు."

తేజస్విని చెంబులోని నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది.

లోపలికి పోబోయిన మొగిలమ్మ గడప మీద ఆగి, వెనక్కి తిరిగి, చాలా మెల్లగా అడిగింది: "ఇగ మార్కులు ఎట్లాగూ రాకపాయె, మీ సారు మల్ల అచ్చినప్పుడు నువ్వు నా కడుపుల పుట్టినవని చెప్పుకోవచ్చునా బిడ్డా?"