వాల్వులు తాగే కరెంటు

“ఇంకోసారి లెక్కెయ్యి నుస్రత్ అన్నా, ఎక్కడో తప్పింది,” అన్నాడు వీధి పెద్ద అస్రార్, నుస్రత్ ఇంట్లో కూర్చుని రొట్టె తుంచుకుంటూ.

నుస్రత్‌కి తల తిరిగిపోతోంది. ఈ చలికాలం కోకండ్ పట్నంలో గ్యాసు సన్నగిల్లి, వీధి వీధంతా కరెంటు మీద పడింది. మూల మీది ట్రాన్స్‌ఫార్మరు ఇప్పటికే రెండుసార్లు మొండికేసింది. ఎవరి మీటరు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ తిరుగుతోందా అని చూస్తే, హీటరైనా లేని నుస్రత్ ఇల్లు తేలింది. అనుమానం నేరుగా అలమరా మీది పాటల పెట్టె మీదికి, అంటే గాజు వాల్వులతో నడిచే పాతకాలపు యాంప్లిఫయర్ మీదికి పోయింది. కుర్రతనంలో తన చేతులతో కట్టుకున్నదది. దాన్ని అమ్మేయమంటే నుస్రత్‌కి ప్రాణం తీసినట్టుంది.

“వాల్వుల్లో తీగలు ఎర్రబడ్డానికి నలభై వాట్లు. మూడొందల వోల్టుల సరఫరాకి అరవై. లోపలి ట్రాన్స్‌ఫార్మరులో వృథా ఇరవై. మొత్తం నూట ఇరవై! స్విచ్చి వేశాక పాట హోరెత్తించినా, అసలు పెట్టకపోయినా అంతే. నేను వినేది సాయంత్రం ఒక్క గంట. దానికే మీటరు ఇట్టా పరిగెడుతుందా?”

“అంత తాగి పాటకెంత ఇస్తుంది?”

“పదో పన్నెండో. మిగతాదంతా వేడే.”

“ఓరి దేవుడా! దండగమారి పెట్టె. ఆదివారం సంతలో ఇచ్చేయ్, వీధి బాగుపడుద్ది.”

చాయ్ పోస్తున్న ముకర్రమ్ చెయ్యి ఆగింది. “అది నా గడప దాటదు.”

భార్య వంక నుస్రత్ వెర్రిగా చూశాడు. పెళ్ళయిన నాటి నుంచి ఆ పెట్టెని ‘నా సవతి’ అంటూ వచ్చిన మనిషి! పాట మొదలైతే వంటింటి తలుపు దడాలున వేసుకునే మనిషి!

“ఏంటి వదినా, నీకూ పాటల పిచ్చి పట్టిందా?”

“నీకెందుకయ్యా? నోట్లో రొట్టె ఉందిగా, నములు.”

“నములుతూనే ఉన్నా. ఈ చలికి మా ఇంట్లోవి అట్టముక్కల్లా వస్తున్నాయి. మాట దాటేయకు. ఆదివారం లోపు మీటరు అట్టా తిరగడానికి కారణం చెప్తే సరే, లేదంటే పెట్టె పోవాల్సిందే.” మిగిలిన రొట్టె చంకన పెట్టుకుని అస్రార్ వెళ్ళిపోయాడు.

మర్నాడు తన బట్టల కొట్లో నుస్రత్‌కి బేరం మీద మనసు నిలవలేదు. గుడ్డలు కొలిచే సుద్దముక్కతో బల్ల మీదే లెక్క కట్టాడు. రోజుకి ఒక యూనిట్ ఎక్కువ తిరుగుతోంది. నూట ఇరవై వాట్లతో ఒక యూనిట్ తాగాలంటే ఎనిమిది గంటల పైచిలుకు.

సుద్దముక్క చేతిలోంచి జారింది. తాను కొట్లో కూర్చునేది సరిగ్గా అంతసేపే. ఆ వేళ ఇంట్లో ఉండేది ముకర్రమ్ ఒక్కతే.

సాయంత్రం తాను స్విచ్చి వేయబోతే పెట్టె అప్పటికే గోరువెచ్చగా తగిలేది. పక్కనున్న వంటింటి పొయ్యి వల్ల కాబోలు అనుకునేవాడు. పొయ్యా, పాడా!

“ఓసి నా ముకర్రమూ!” అన్నాడు పైకే. “నా ముందు చెవులు మూసుకుని, నేనటు పోగానే వింటున్నావా?” కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నేళ్ళూ ఒక్కడే కూర్చుని విన్నాడు. పక్కన ఆమె కూర్చుంటే బాగుండునని ఎన్ని సాయంత్రాలు అనుకున్నాడో!

మధ్యాహ్నానికే కొట్టు కట్టేశాడు. దారిలో ఓ పాత పాటల రికార్డు కొని, కోటు లోపల దాచుకుని, పెళ్ళికొడుకులా ఇంటికి నడిచాడు.

పెరట్లో ముకర్రమ్ మట్టిపొయ్యి రాజేస్తోంది. చప్పుడు కాకుండా గది తలుపుకి చెవి ఆనించాడు. పాట లేదు. రేడియో గొణుగుడూ లేదు. లోపలికి వెళ్తే, వాల్వులు మాత్రం ఎర్రగా వెలుగుతున్నాయి. రికార్డు తిప్పే పళ్ళెం మీద నిన్న తాను కప్పిన గుడ్డ అలాగే ఉంది. మరి ఏం వింటోంది ఈ మనిషి?

యాంప్లిఫయర్ నెత్తిన పాత దుప్పటి చుట్టిన బేసిన్ ఉంది. అయోమయంగా దుప్పటి అంచు పట్టుకుని ఎత్తాడు.

రొట్టెల పిండి పొంగుతోంది.