నలభై నిమిషాల పడవ

పడవ రేవు వదలగానే అక్క తమ్ముడి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఇక్కడైతే తప్పించుకోలేవు. నలభై నిమిషాలు నా మాట వినాల్సిందే."

తమ్ముడు ఒడ్డునున్న పాత కోట వైపు చూశాడు. పొద్దు గుంకుతోంది. గైడు మైకులో రాజుల కథలు చెబుతుంటే జనం ఫొటోలు తీసుకుంటున్నారు.

"నేను కిడ్నీ అడిగినప్పట్నుంచీ మొహం చాటేస్తున్నావు. ఆరు నెలలైంది. డయాలసిస్ ఇక నా ఒంటికి పడటం లేదురా. కనీసం పరీక్షకైనా రా. నీ కాళ్లు పట్టుకుంటాను."

ఆమె నిజంగానే వంగబోయింది. తమ్ముడు భుజాలు పట్టుకుని ఆపాడు.

"పరీక్ష చేయించుకున్నానక్కా. నువ్వడిగిన వారానికే."

"మరి?"

"స్కానింగులో ఒక్కటే కనపడింది. పుట్టుకతోనే నాకున్నది ఒకటే కిడ్నీ అట. చెబితే సాకనుకుంటావని భయపడ్డాను. నమ్మితే నీకున్న ఒక్క ఆశా పోతుందని ఇంకా భయపడ్డాను."

అక్క నీళ్లకేసి తిరిగింది. ఆమెకు తోడబుట్టినవాడు వీడొక్కడే. ఇంకెవరినీ అడగడానికి లేదు.

"మీ ఆవిడకి చెప్పావా?"

"ఎవరికీ చెప్పలేదు."

"ఇన్నాళ్లూ ఒక్కడివే కుమిలిపోయావా, పిచ్చోడా!" ఆమె అతడి తల నిమిరింది. "ఒళ్లు నొప్పులంటూ ఊరికే మాత్రలు మింగుతావు. అవి కిడ్నీకి చేటు, ఇక వాటి జోలికి పోకు. నాలాగా అశ్రద్ధ చేయకు."

తమ్ముడు తలూపుతూ ఏడ్చేశాడు.

"ఏ వైపుందిరా అది?"

"ఎడమ వైపు."

అక్క లేచి, అందరినీ తప్పించుకుంటూ వెళ్లి, అతడికి ఎడమ పక్కన, జనం తగలకుండా అడ్డుగా కూర్చుంది.