మందు లేని పక్క

"నిజం చెప్పు మావుసీ. మళ్ళీ ఆ పొగాకు ముద్ద, గుడాఖు, చిగుళ్ళకి రాశావా, లేదా?"

అందరూ మావుసీ అని పిన్ని వరసతో పిలిచే జెమామణి పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరిచి పడుకుని ఉంది. ఆమె కుడి చిగురు వాచి నెత్తురోడుతోంది. ఎడమ చిగురు శుభ్రంగా ఉంది.

డాక్టర్ లోపాముద్రకి ఒళ్ళు మండిపోయింది. కిందటిసారి కుడి చిగురు సందులో మెల్లమెల్లగా మందు వదిలే పలచటి పొర పెట్టింది. ఎడమ పక్క పెట్టింది మందు లేని ఉత్త పొర. రెంటికీ తేడా తేల్చడమే ఆమె పరిశోధన. ఇప్పుడు చూస్తే ఉత్త పొరే గెలిచింది.

జెమామణి లేచి ఉమ్మేసింది. "రాశాను. కుడి పక్కే రాశాను."

"నా కష్టమంతా మట్టిలో కలిపేశావు."

"ఒక్క నోట్లో ఒక పక్కకి మందు, ఇంకో పక్కకి ఉత్తదీనా? ఇదెక్కడి న్యాయం?"

"పరిశోధనకి ఒప్పుకుంటూ నువ్వు సంతకం పెట్టకముందే చెప్పాను కదా. ఏ పక్కో మాత్రం చెప్పలేదు. నీకెలా తెలిసింది?"

"కుడి పక్క చేదు దిగింది. నోరు నాది, నాకు తెలీదా?"

"తెలిసీ దాన్నే ఎందుకు పాడుచేశావు?"

"గుడాఖు లేందే నాకు తెల్లారదు. ఎక్కడో ఒకచోట రాయాలి. మందున్నది తట్టుకుంటుందిలే అనుకున్నాను. లేనిదాన్ని రోజూ ఉప్పుతో నేనే తోముకున్నాను."

లోపాముద్ర చేతిలోని అద్దం పక్కన పెట్టింది.

జెమామణి కొంగుతో మూతి తుడుచుకుంది. "నువ్వు గాలికొదిలేసిన పక్క నా దగ్గర బాగుపడింది. నీకప్పగించిన పక్కే ఇలా అయింది."