ఉత్త గంజి గొట్టం

ఆకురసం గనక గంజిని చక్కెరగా మారకుండా ఆపితే, షుగరు జబ్బుకి మందు దొరికినట్టే. అయోడిన్ చుక్క పడ్డ గంజి నీలంగా ఉంటుంది. చక్కెరైతే ఆ నీలం పోతుంది. ఆ రాత్రి ల్యాబులో ఒంటరిగా ఉన్న పరిశోధకురాలికి, అయోడిన్ తప్ప ఏమీ కలపని ఉత్త గంజి గొట్టమే వెలవెలబోయి కనిపించింది.

సీనియర్‌కి ఫోన్ చేసింది.

“ఉమ్మి పడుంటుందే. గంజిని కరిగించడానికి అది చాలు.”

“మాస్కు విప్పితే ఒట్టు, అక్కా. ఇక్కడ నేనొక్కదాన్నే.”

“అయితే మళ్ళీ పోసి చూడు.”

పోసి, కాపలా కూర్చుంది. ఉన్నట్టుండి ఫ్రిజ్ రొద ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఎవరో గుటక వేశారు, చెవికి మరీ దగ్గరగా. వెనక్కి తిరిగితే ఎవరూ లేరు. గొట్టంలో నీలం లేదు. అంచు తడిగా ఉంది.

ఏమీ పాలుపోక, మొహం కడుక్కుందామని సింకు దగ్గర మాస్కు ముడి విప్పింది. మాస్కుకి మరకైనా లేదు.

అద్దంలో ఆమె పెదవులు మాత్రం నీలంగా ఉన్నాయి.