పిట్టగోడ మీద వేలు

దానయ్య పిట్టగోడ మీద చూపుడు వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు గీశాడు. వేలు ఎత్తి వెలుతురులో చూసుకున్నాడు.

కింద సందులోంచి భీమారావు అరిచాడు. "ఏటి బావా, మసి వచ్చిందా?"

"రానేదు."

"సరీగా సూడు."

"నువ్వొచ్చి సూసుకో. నా యేలు నీకు కిరాయికివ్వనేదు."

సందులో నలుగురూ నవ్వారు. ఎక్కడో హిందీ మాట్లాడే ఊళ్లో, గుఢియారీ పేటలోని ఆ సందులో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. మగవాళ్లంతా ఒకే ఉక్కు మిల్లులో పని. మిల్లు నడిచినన్నాళ్లూ రాత్రి రాలిన మసి పొద్దున్నే మేడల మీద నల్లగా పరుచుకుని ఉండేది. 2008 దీపావళికి మందీ వచ్చిందన్నారు, ఉక్కు కొనేవాడు లేడన్నారు. మిల్లు మూసేశారు. మసి ఆగిపోయింది.

మళ్లీ మసి రాలిందంటే మిల్లులో ఇనుము కాల్చే భట్టీలు వెలిగినట్టే. సందులో దానయ్యది ఎత్తయిన మేడ. మిల్లు మూసిన మర్నాటి నుంచి అతను వేలు గీయని రోజు లేదు. ఇంత ఆశ మరొకరికి లేదని అందరూ అనుకునేవారు.

మిల్లు లేని ఊరు కలలో చూసిన ఊరులా ఉండేది. ఉదయాలు చప్పుడు చేయకుండా వచ్చేవి. తీగ మీద దానయ్య భార్య సూరమ్మ ఆరేసిన తెల్ల దుప్పటి సాయంత్రానికి కూడా తెల్లగానే ఉండేది. గాలికి నెమ్మదిగా లేచేది, నెమ్మదిగా వాలేది. రైలు పట్టాల అవతల చెట్లు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించేవి. అక్కడ చెట్లున్నాయని ఇరవై ఏళ్లుగా దానయ్యకు తెలియదు.

ఇంట్లో మాత్రం అన్నీ తగ్గాయి. పాలు సగమయ్యాయి. కూరలో నూనె కనిపించడం మానేసింది. మందు సీసా కొని నెలలు గడిచాయి. గూట్లో మిగిలిన ఖాళీ సీసాలో సూరమ్మ మనీప్లాంట్ తీగ పెట్టింది. దానయ్య పండరీ బట్టల బజారులో బేళ్లు మోస్తున్నాడు. ఎర్రగా కాలిన చువ్వల్ని పటకారుతో పట్టి లాగిన చేతులకు మెత్తటి బట్టలు బరువయ్యేవి.

సూరమ్మ రెండు చాయ్ గ్లాసులు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఏదో కూనిరాగం తీస్తోంది.

"ఏటయ్యా, అలా సూస్తన్నావు?"

"ఏటీ నేదు. పాడుకో."

"పని నేనోడి పెళ్లాం పాడితే సందులో నవ్వుతారు."

"నవ్వనీ."

ఆమె పాడింది. దుప్పటి లేచింది, వాలింది. దానయ్య చాయ్ చల్లారిపోయింది.

మార్చిలో భీమారావు హిందీ పేపరు తెచ్చి నాంచారమ్మ చాయ్ బండి మీద పరిచాడు.

"సర్కారు రోడ్లకీ వంతెనలకీ పైసా వదిలింది బావా. ఇక మిల్లు తెరిచీడమే."

"రోడ్డుకీ మిల్లుకీ ఏటి సంబంధం?"

"రోడ్డేస్తే వంతెన కావాల. వంతెనకి సరియా కావాల. ఇనప చువ్వ నేకుండా వంతెన నిలబడతాదేటి? సరియాకి మిల్లు కావాల. మిల్లుకి మనం కావాల."

"నాకాడ చాయ్ తాగడానికీ మీరే కావాల," అంది నాంచారమ్మ. ఆమె బండి మీద సగం గ్లాసులు బోర్లించే ఉన్నాయి.

"కాంట్రాక్టులు పట్టే ఠేకేదార్లు మింగీడానికి అదంతా," అన్నాడు దానయ్య. "సర్కారు పైసాతో ఎవడికీ పని పుట్టదు. రాసుకో."

"నీ నోట్లోంచి ఒక్క మంచి మాట రాదేటి? మా పిల్లలు బడి మానీసి రెండు నెలలైంది బావా."

దానయ్య తల దించుకున్నాడు. చాయ్ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు.

"ఎందుకా కోపం?" అన్నాడు భీమారావు.

"లోపల ఆశుంది కాబట్టే పైకి తిడతాడు," అంది నాంచారమ్మ. "రోజూ ఆ యేలు సూసుకోడం నేదా?"

ఏప్రిల్లో పట్టాల అవతల వంతెనకు గుంతలు తవ్వారు. మేలో స్తంభాల మీంచి చువ్వలు ఆకాశంలోకి మొలిచాయి. దానయ్య మేడ మీద నిలబడి చూసేవాడు. ఊగుతున్న దుప్పటి వెనక అవి కనిపించేవి, మాయమయ్యేవి. ప్రతిసారీ కాస్త పెరిగినట్టుండేవి.

జూన్‌లో మిల్లు టైమ్‌కీపర్ సందీప్ వచ్చి సందు మొదట్లో నిలబడి పేర్లు చదివాడు.

"దానయ్య గారూ, సోమవారం నుంచి మీ డ్యూటీ."

"ఎన్ని భట్టీలు ఎలిగిస్తారు?"

"అన్నీ. ఆర్డర్లు అలా ఉన్నాయి. శనివారం రాత్రే వెలిగించేస్తాం."

"రాత్రిపూట కూడానా?"

"రాత్రీ పగలూ."

దానయ్య తలెత్తి తన మేడ మీది తెల్ల దుప్పటి వైపు చూశాడు. భీమారావు వచ్చి అతన్ని వాటేసుకున్నాడు.

"నాను సెప్పనేదేటి బావా! సర్కారు పైసా పని పుట్టించిందా, నేదా? ఇప్పుడు సెప్పు."

"పుట్టించింది," అన్నాడు దానయ్య.

ఆదివారం తెల్లవారుతుండగా అతను మేడ ఎక్కాడు. దుప్పటి తీగ మీదే ఉంది. గాలి లేదు. పిట్టగోడ మీద వేలు పెట్టి గీశాడు. సగం దూరంలోనే ఆగిపోయాడు. వేలు ఎత్తి చూసుకోలేదు. గుప్పిట్లో దాచేశాడు.

"ఏటి బావా, వచ్చిందా?"

"రానేదు."

"అబద్ధం!" భీమారావు నల్లబడిన అరచెయ్యి పైకెత్తి చూపించాడు. "మా గుమ్మం మీద కూడా పడింది. సూడు!"

సందంతా బయటికొచ్చింది. ఎవరో పళ్లెం మోగించారు. నాంచారమ్మ బోర్లించిన గ్లాసులన్నీ తిప్పి వరసగా పేర్చింది. "దిగిరా దానయ్యా, మొదటి చాయ్ నీకే!" అని కేకేసింది.

దానయ్య కదల్లేదు. గుప్పిట విప్పలేదు. మెట్ల వైపు చెవి పెట్టి నిలబడ్డాడు.

కింద గదిలో, ఎనిమిది నెలల తర్వాత, సూరమ్మ దగ్గింది.