నవ్వు బొమ్మలు

పాండురంగం పొద్దున్నే పళ్ళు తోముకుంటూ కుప్పకూలిపోయాడు. డాక్టరు వచ్చి చూసి, ప్రాణం పోయిందన్నాడు. సుభాషిణి భర్త ఫొటో తీసి బంధువులకీ స్నేహితులకీ అందరికీ కబురు పంపింది.

ఉత్తుత్తి చావు కబుర్లు పంపుకోవడం కాకినాడలో ఇంటింటి సరదా అయిపోయిన రోజులవి. పేరు చెబితే చాలు. శవం ఫొటో, పూలదండ, ఏడ్చే భార్య గొంతు అన్నీ ఫోనే తయారుచేసేది. పాండురంగం తన చావునే మూడుసార్లు పంపి ఊరిని నవ్వించాడు.

సుభాషిణి కబురుకు జవాబుగా నవ్వు బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. "ఈసారి అంత సహజంగా లేదొదినా," అని ఎవరో రాశారు. తునిలో ఉన్న ఆడపడుచుకు ఫోన్ చేసి సుభాషిణి విషయం చెప్పింది.

"వదిన గొంతు కూడా భలే దించేశావన్నయ్యా," అని ఆమె నవ్వుతూ పెట్టేసింది.

ఫ్రీజర్ పెట్టె తెచ్చినవాళ్ళు తప్ప మధ్యాహ్నం దాకా గడప తొక్కినవాళ్ళు లేరు. పెట్టె పక్కన సుభాషిణి ఒక్కతే కూర్చుంది.

మూడింటికి ఏసుపాదం మాస్టారు వచ్చారు. పాండురంగం మొదటిసారి పంపిన కబురు నమ్మి, ఏడుస్తూ పరుగెత్తుకొచ్చిన స్నేహితుడాయన. అందరూ పగలబడి నవ్వితే, ఆనాటి నుంచి పాండురంగంతో మాట మానేశారు. ఆ రోజు సుభాషిణి కూడా నవ్వింది.

"మీరొక్కరూ ఎలా నమ్మారండీ?" అని అడిగింది.

"నమ్మలేదమ్మా. ఈసారైనా వాడితో కలిసి నవ్వేద్దామని వచ్చాను."

ఆయన పెట్టె అద్దం మీద అరచెయ్యి ఆనించి నిలబడిపోయారు. పొద్దుటినుంచీ రాని ఏడుపు సుభాషిణికి అప్పుడొచ్చింది.